పదిహేను మిల్లీమీటర్ల లెక్క

గత సంచికలో పాత కార్ల మీద బ్యాంకు అప్పుల గురించి రాశాక, బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. వారి అబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో పోర్షే కేమన్ కొన్నాడట. చక్రాలు లోపలికి నొక్కుకుపోయినట్టున్నాయని నాలుగింటికీ 15 మిల్లీమీటర్ల స్పేసర్లు వేయిస్తానంటున్నాడట. "ప్రాణానికి ముప్పేమీ లేదు కదా?" అని అడిగారు. కామర్సు చదివినవాణ్ణి ఇంజనీరింగు అడగడమేమిటనకండి. ఇందులో సగం భాగహారమే.

స్పేసరంటే హబ్‌కీ చక్రానికీ మధ్య బిగించే అల్యూమినియం బిళ్ల. అది ఎంత మందముంటే చక్రం అంత బయటికి జరుగుతుంది. కేమన్ ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1500 మి.మీ. రెండు పక్కలా 15 చొప్పున కలిపితే 1530. అంటే 2 శాతం. మలుపులో లోపలి చక్రం మీది బరువు బయటి చక్రం మీదికి పోతుంది కదా, అదీ దాదాపు 2 శాతమే తగ్గుతుంది. ఫిక్సెడ్ డిపాజిట్ మీద 2 శాతం ఎక్కువిస్తామంటే పక్క ఊరికైనా వెళతాం గానీ, స్టీరింగు పట్టుకున్నవాడికి ఈ 2 శాతం తెలియడం కష్టం.

అదే 15ని ఇంకోచోట చూడండి. ముందు చక్రం ఏ ఇరుసు మీద పక్కకి తిరుగుతుందో, ఆ గీతను నేలదాకా పొడిగించినట్టు ఊహించండి. అది నేలను తాకే చోటికీ టైరు నడిమికీ మధ్య దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కార్లు తయారుచేసేవారు దీన్ని సున్నాకి అటూ ఇటూగా, కొద్ది మిల్లీమీటర్లలో ఉంచుతారు. అంత చిన్న అంకెకు 15 చేరిస్తే ఖాతా తలకిందులే. ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగు చేతిని గుంజుతుంది. ఒక పక్క ఇసుక ఉన్నచోట బ్రేకు వేస్తే లాగుడు మారుతుంది. రోడ్డు మీది గాడుల వెంట కారు తానే పోతానంటుంది. మన రోడ్ల సంగతి మీకు చెప్పాలా!

చక్రం దూరమైతే స్ప్రింగు మీద మీట పొడవూ పెరుగుతుంది గనుక స్ప్రింగు కొంచెం మెత్తబడినట్టుంటుంది. దాన్నే సుఖం అనుకునేవారున్నారు. బేరింగుల మీద మాత్రం భారం పెరుగుతుంది.

ఇక ప్రాణం సంగతి. అది బోల్టుల్లో ఉంది. స్పేసరు ఎంత మందమో బోల్టులు అంత పొడవు పెరగాలి. పాత బోల్టులే వాడితే నాలుగు మరలు కూడా పట్టవు. స్పేసరు నడిమి రంధ్రం కేమన్ హబ్‌కి సరిగ్గా 71.6 మి.మీ. ఉండాలి, లేకుంటే వణుకు తప్పదు. 718 తరం కేమన్‌కి బిగింపు 160 న్యూటన్ మీటర్లు. పానాను కాలితో తొక్కి బిగించే షాపైతే అక్కణ్ణుంచే వెనక్కి రావడం మేలు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని తీర్పు చెప్పింది. కనుక బీమా కంపెనీకి రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. అప్పు తీరకుంటే బ్యాంకుకీ రాయండి.

అయ్యా, నా మాట అడిగితే వద్దనే అంటాను. అబ్బాయి ఈపాటికే వేయించేసి ఉంటే, ఈ ఆదివారమే టార్క్ రెంచి పెట్టించి ఇరవై బోల్టులూ చూడమనండి.