మన వాటా మనం అడుగుదాం



క్యాన్సర్ మాట మన కోటబొమ్మాళి మండలం ఊళ్ళలో గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే అసలే చెప్పం. "నోట్లో పుండట", "కడుపులో గెడ్డట" అని మాట దాటేస్తాం. అలా దాచినన్నాళ్ళూ అది ఒక్కో ఇంటి ఏడుపుగానే మిగిలిపోతుంది, ప్రభుత్వ బడ్జెట్‌లో పద్దుగా మారదు. అందుకే ఆ మాటను ఇళ్ళలోంచి గ్రామసభకు తెద్దాం. ఈ జబ్బు వైద్యానికీ, పరిశోధనకూ రాష్ట్ర ఖజానా నుంచి రావలసిన మన వాటాను అందరం కలిసి అడుగుదాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ప్రభుత్వం అమ్మ కూడా కాదు.

అడిగే హక్కు మనకు మిగతావాళ్ళకంటే ఒక పిసరు ఎక్కువే ఉంది. ఎందుకో చెబుతాను.

అడ్డపొగ సంగతి మన శ్రీకాకుళం జిల్లా వాళ్ళకు వివరించక్కర్లేదు. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు బిగిస్తారు. సముద్రపు గాలికి ఆరదు. చెరువులో బట్టలుతుకుతున్నా నిప్పు తడవదు. చంకలో బిడ్డ మీద రవ్వ పడదు. ఇన్ని సౌకర్యాలున్నాయి కాబట్టే మన అమ్మమ్మలు, నాయనమ్మలు దాన్ని అలవాటు చేసుకున్నారు. పొగా వేడీ మాత్రం నేరుగా అంగిటికి తగులుతాయి. అలా తాగేటప్పుడు నోట్లో వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చెప్పినవాళ్ళున్నారు. అంగిలి మొదట తెల్లబారుతుంది. దాని మీద ఎర్రటి చుక్కలు తేలుతాయి. కొందరిలో అదే పుండై క్యాన్సర్‌లోకి దిగుతుంది. చాలాకాలం నొప్పి ఉండదు. "నొప్పి నేదు కదా బాబూ, ఏటవుద్ది?" అంటూ ఆ పెద్దమనుషులు చుట్ట మీద చుట్ట కాల్చారు.

కోస్తా ఆంధ్రలో అంగిటి క్యాన్సర్‌కూ, ఇలా నిప్పు లోపల పెట్టి తాగే చుట్టకూ ఉన్న లంకెను డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే ఇద్దరు వైద్యులు 1957లోనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి డాక్టర్ ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చింది. కోపెన్‌హాగన్ ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్ వారితో కలిసి పనిచేశారు. మన జిల్లాలో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ అలవాటున్నవాళ్ళే. ఆ లెక్క 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. అంతటితో ఆగకుండా శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఎంచుకుని, పొగాకు మానమని ఏళ్ళ తరబడి నచ్చజెప్పారు. అలవాటు మానినవాళ్ళలో, తగ్గించినవాళ్ళలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో నిరూపించారు. నోటి క్యాన్సర్‌ను రాకముందే ఆపవచ్చని లోకానికి చెప్పిన తొలి సాక్ష్యాల్లో అదొకటి.

ఆ పరిశోధనకు డబ్బు అమెరికా ప్రభుత్వ నిధుల నుంచి వచ్చింది. శాస్త్రవేత్తలు బొంబాయి నుంచి, కోపెన్‌హాగన్ నుంచి వచ్చారు. నోళ్ళు మాత్రం మనవి. మన పెద్దల అంగిళ్ళు చూసి నేర్చుకున్న పాఠాన్ని ప్రపంచమంతా చదువుకుంది. ఆ పెద్దల్లో చాలామందికి ఈ విషయం తెలియకపోయి ఉండవచ్చు. మనుమలం, మనుమరాళ్ళమైన మనకు తెలిసింది కాబట్టి ఆ బాకీని మనమే వసూలు చేయాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకం లేకపోతే ఈ మండలంలో ఎన్ని ఇళ్ళు పొలాలమ్ముకునేవో ఊహించుకోండి. 2023 డిసెంబరులో దాని పరిమితిని రూ.25 లక్షలకు పెంచారు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి స్థలమిచ్చింది రాష్ట్ర ప్రభుత్వమే. 2024 నవంబరు నుంచి ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం పరీక్షలు చేస్తున్నారు.

అయితే ఇంతటితో సరిపోతుందా? తెల్లవారుజామున కోటబొమ్మాళి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. ఒక ముసలాయన, పక్కన కోడలు, ఆమె చేతిలో బట్టల కొట్టు ప్లాస్టిక్ సంచీ. సంచీలో బట్టలుండవు. స్కాన్ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టు, కార్డు జిరాక్సు కాగితాలు, ఒక టిఫిన్ డబ్బా ఉంటాయి. విశాఖ 150 కిలోమీటర్లు, అగనంపూడి ఇంకా అవతల. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. పథకం ఆ రేడియేషన్ ఖర్చు వరకు డబ్బు కడుతుంది. అన్నాళ్ళు అద్దె గది ఎవరిస్తారు? కోడలి ఉపాధి కూలి ఎవరిస్తారు? ఇంట్లో పిల్లలకు వండేదెవరు? సగంలో ఆపేసి ఇంటికొచ్చినవాళ్ళను మొండివాళ్ళని మనం తిట్టుకుంటాం. చాలామంది మొండితనంతో ఆపలేదు, చేతిలో చిల్లర అయిపోయి ఆపారు. బకాయిలు రాలేదని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు ఇలాంటివాళ్ళ గుండెలు ఎంత జారిపోయి ఉంటాయి? మోకాలి ఆపరేషన్ నెల ఆగవచ్చు. కీమో ఆగకూడదు.

ఇక ఖజానా లెక్కకు వద్దాం. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి మొదటి బాధ్యత అమరావతిదే, ఢిల్లీది తర్వాత. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2025-26లో మన రాష్ట్ర బడ్జెట్ దాదాపు రూ.3.22 లక్షల కోట్లు. అందులో ఆరోగ్యానికి ఇచ్చింది రూ.19,264 కోట్లు. అంటే సుమారు 6 శాతం. ఆ రెండు శాతం తేడా విలువ ఆరు వేల కోట్ల రూపాయల పైమాటే. రాష్ట్రంలో ఏటా 70 వేల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ బారిన పడుతున్నారని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. ఆ రెండు శాతంలో కొంత వీళ్ళకు చేరినా ఎన్ని ప్రాణాలు నిలబడతాయో ఆలోచించండి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేరళ ప్రభుత్వం 1981లోనే తిరువనంతపురంలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం నిలబెట్టింది. ఆ కేంద్రం వాళ్ళు మామూలు ఆరోగ్య కార్యకర్తలకు నోరు చూడడం నేర్పి ఊళ్ళలోకి పంపారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయని 2005లో తేల్చారు. అస్సాం మనకంటే ధనిక రాష్ట్రమేమీ కాదు. అక్కడి ప్రభుత్వం టాటా ట్రస్టులతో కలిసి జిల్లాల్లోనే క్యాన్సర్ ఆసుపత్రులు కడుతోంది. 2022 ఏప్రిల్‌లో ఒకే రోజు ఏడింటిని తెరిచారు. మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న టెక్సస్‌లో క్యాన్సర్ పరిశోధనకు 300 కోట్ల డాలర్లు అప్పు తేవచ్చా అని 2007లో ప్రజలను ఓటు అడిగారు. సరేనన్నారు. 2019లో మళ్ళీ అంతే మొత్తానికి సరేనన్నారు. 2018లో నోబెల్ అందుకున్న జేమ్స్ అలిసన్‌ను హ్యూస్టన్‌కు రప్పించుకోవడానికి ఆ నిధే సాయపడింది. క్యాన్సర్ మందుల చరిత్రలో మొదటి పేజీలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఉన్నాయి. తెలివికి మనకు కరువు లేదు. తెలివికి ఇంటి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టే నిధి కరువు.

అడిగితే వస్తుందా అని నిట్టూర్చేవాళ్ళకు పలాస వైపు చూపిస్తాను. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఒకప్పుడు ఇంటింటి గుట్టే. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళ జనం ఆ గుట్టు విప్పి రోడ్డెక్కారు. పత్రికలు రాశాయి, పార్టీలు కదిలాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. హిరమండలం జలాశయం నుంచి రూ.700 కోట్ల మంచినీటి పథకం వచ్చింది. డయాలసిస్ రోగికి నెలకు రూ.10,000 పింఛను వస్తోంది. ఇంకా కావలసినవి ఉన్నాయి, నిజమే. కానీ జబ్బుకు పేరు పెట్టి, లెక్క చెప్పి, గొంతు కలిపితే ఖజానా తాళం ఊడుతుందని మన పక్క ఊళ్ళవాళ్ళే రుజువు చేశారు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా రాసుకుందాం. ఒకటి, ఆరోగ్యానికి బడ్జెట్‌లో 8 శాతం, అందులో క్యాన్సర్‌కు విడిగా ఒక పద్దు. రెండు, టెక్కలి జిల్లా ఆసుపత్రిలో నిండుగా పనిచేసే కీమో డే కేర్ వార్డు, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో రేడియేషన్‌కు యంత్రమూ, దాన్ని నడిపే మనుషులూ. గది కట్టి తాళం వేస్తే ఒప్పుకోం. మూడు, క్యాన్సర్ రోగుల బిల్లులు అన్నిటికంటే ముందు చెల్లించాలి. నాలుగు, చికిత్స సాగినన్నాళ్ళు రోగికీ తోడున్న మనిషికీ బస, తిండి, కూలికి చేయూత. ఐదు, పరిశోధన. ఏ ఊళ్ళో ఎవరికి ఏ క్యాన్సర్ వస్తోందో మన వైద్య కళాశాల ఊరి వారీగా లెక్క రాయాలి. అర్ధ శతాబ్దం కిందట నోళ్ళు చూసిన ఊళ్ళకే మళ్ళీ వెళ్ళాలి. అడ్డపొగ ఎంత తగ్గింది, దాని చోట ఖైనీ, గుట్కా ఎంత పెరిగాయి, తేల్చాలి. ఈసారి ఆ లెక్క ముందు మన పంచాయతీకి చెప్పి, తర్వాత పత్రికలకు పంపాలి.

ఈ అర్జీ పట్టుకుని ఎక్కడికో పోనక్కర్లేదు. మన మండలంలోని నిమ్మాడ నుంచే కింజరాపు అచ్చెన్నాయుడు గారు 2024 నుంచి రాష్ట్ర మంత్రిగా, రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రిగా ఉన్నారు. ఓటు ఏ పార్టీకి వేసినా జబ్బుకు పార్టీ లేదు. అన్ని పార్టీలవాళ్ళం ఒకే కాగితం మీద సంతకాలు పెడదాం.

అడిగే చేయి శుభ్రంగా ఉండాలి. మన వంతు పనులు మనం చేయకుండా ప్రభుత్వాన్ని అడిగితే నవ్వుతారు. ఏఎన్ఎం అమ్మాయి టార్చిలైటు పట్టుకుని "పెద్దమ్మా, నోరు తెరు" అన్నప్పుడు "నాకేటీ నేదు, ఎల్లు" అని తోలేయకండి. నాలుక కింద, బుగ్గ లోపల, అంగిట్లో చూడడానికి రెండు నిమిషాలు చాలు. రెండు వారాలకు మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే సిగ్గుపడకుండా ఆసుపత్రికి నడవండి. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేస్తామంటే పుకార్లు వినకుండా ముందుకు తీసుకురండి. డ్వాక్రా సంఘాల అక్కలారా, నెల సమావేశంలో పొదుపు లెక్క తర్వాత ఒక్క ప్రశ్న వేయండి: ఈ నెల మన సంఘంలో ఎవరు పరీక్షకు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు? కుర్రాళ్ళూ, రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి ముప్పాతిక రాయితీ ఉన్నాయి. ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం తెచ్చి ఆ టికెట్ తీసిపెట్టే పని మీరు భుజాన వేసుకోండి. కొత్తమ్మతల్లి జాతరకు వేల మంది వస్తారు. అక్కడ గాజుల కొట్ల వరసలో నోటి పరీక్ష శిబిరం ఒకటి వేయించుదాం. హైదరాబాదులో, గల్ఫులో, అమెరికాలో ఉన్న మన పిల్లలూ, మీరు పంపే చందాల్లో గుడి గోపురానికి పోయినంత ఒక రోగి ఆరు వారాల అద్దెకూ పోనివ్వండి.

జబ్బు పడినవాళ్ళను వెలివేయకండి. క్యాన్సర్ ముట్టుకుంటే అంటదు. వాళ్ళ ఇంటి పెళ్ళికి వెళ్ళండి, వాళ్ళ చేతి మంచినీళ్ళు తాగండి. ధైర్యంగా తలెత్తుకుని నడిచే రోగులే రేపు మన అర్జీకి ముందు వరసలో నిలబడతారు.

వచ్చే గ్రామసభకు ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి రండి. కూలి పని ఉంటే ఒక పూట ఆలస్యంగా వెళ్ళండి. మండలంలోని ప్రతి పంచాయతీ పైన రాసిన ఐదు కోరికలనూ తీర్మానంగా రాసి, చేతులెత్తి ఆమోదించి, నకలు కలెక్టరుకూ మంత్రులకూ ముఖ్యమంత్రికీ పంపాలి. జవాబు రాకపోతే మళ్ళీ పంపాలి. బడ్జెట్ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, పద్దులో అంకె కనబడే దాకా పంపాలి. మన పెద్దలు నోరు తెరిచి లోకానికి పాఠం చెప్పారు. ఇప్పుడు మనం నోరు తెరిచి మన వాటా అడుగుదాం. పదండి!