ఆగకుండానే కరెంటు నుంచి డీజిల్‌కు: ఉండి లైనుకు బై-మోడ్ రైళ్లు అవసరమా?

ఉండి మీదుగా వెళ్లే గుడివాడ–భీమవరం లైనుకు కరెంటు తీగలు లేని రోజుల్లో డీజిల్ ఇంజినే దిక్కు. కరెంటు ఇంజినుతో వచ్చిన రైలు ముందుకెళ్లాలంటే ఆగి, ఇంజిను మార్చుకోవాల్సిందే. బ్రిటన్‌లో 2017 నుంచి నడుస్తున్న హిటాచీ బై-మోడ్ రైళ్లకు ఆ బాధ లేదు. తీగ ఉన్నచోట పాంటోగ్రాఫ్ 25 వేల వోల్టుల కరెంటు అందుకుంటుంది. తీగ అయిపోయేచోట అది కిందికి దిగుతుంది, పెట్టెల అడుగునున్న డీజిల్ జనరేటర్లు పని అందుకుంటాయి. చక్రాలు తిప్పేవి ఎప్పుడూ అవే మోటార్లు కాబట్టి రైలు ఆగక్కర్లేదు.

అయితే తీగ కింద నడిచినంతసేపూ ఆ జనరేటర్లు మోత బరువే. మన దగ్గర విజయవాడ, మచిలీపట్నం, నరసాపురం, నిడదవోలు మధ్య 221 కిలోమీటర్లకూ తీగలు వేశారు. కాబట్టి మీ రైలుకు బై-మోడ్ అక్కర్లేదు. కానీ తుపాను గాలికి తీగ తెగితే మాత్రం మళ్లీ డీజిల్ ఇంజినే వచ్చి లాగాలి.