ఎర్ర వైను, మన వగరు

మా బరంపురం ఇంట్లో పెద్దల ముందు మందు మాట ఎత్తేవాళ్ళం కాదు. అయినా మేము నలుగురం, నడివయసు వాళ్ళం, ఏడాదికి రెండు మూడుసార్లు ఫ్రెంచి రెడ్ వైన్ సీసా ఒకటి తెరుస్తాం. ఒకసారి నాయనమ్మ చూసేసింది. "ఇదేంటర్రా, నేరేడుపళ్ళ రసమా?" అంది. "అవును నాయనమ్మా" అనేశాం. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ అబద్ధం మాత్రం మిగిలింది. అందుకే ఇది రాస్తున్నాం.

మేమేం వైను పండితులం కాం. మాకు తెలిసింది కొంచెమే. బోర్డో ఎర్ర వైనుని ముఖ్యంగా కాబర్నే సావిన్యోన్, మెర్లో ద్రాక్షలతో చేస్తారు. బర్గండీది పినో నోయార్‌తో, బోజొలేది గామేతో. బోర్డో గుక్క వేయగానే నాలుక పట్టేసినట్టుంటుంది. అది టానిన్ పని, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగుతుంది. దానికి మన భాషలో ఎప్పటినుంచో మాటుంది: వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె, పచ్చి వక్క, నేరేడు, ఇవన్నీ తిన్న నాలుకకి అదేం పరాయి రుచి కాదు. మా ఇష్టానికి అసలు కారణం అదేననుకుంటాం.

ఎర్ర వైను గది వేడిలోనే తాగాలంటారు. ఆ మాట చల్లటి దేశాల గదులకి సంబంధించింది, అంటే సుమారు 16-18 డిగ్రీలు. మే నెల బరంపురంలో దాన్ని నమ్మితే మిగిలేది కషాయమే. ఫ్రిజ్‌లో అరగంట పెట్టాల్సిందే.

ఫ్రెంచివాళ్ళు మన వైపుకి కొత్తేం కాదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులని వాళ్ళకిచ్చాడు. మన గంజాం అప్పట్లో చికాకోల్ సర్కారులోదే. 1757లో బొబ్బిలి కోట మీదికొచ్చిన బుస్సీ పేరు తెలియని తెలుగువాళ్ళుండరు. కాబట్టి ఫ్రెంచి పేరు చూసి మురిసిపోనక్కర్లేదు.

మా అభ్యంతరమల్లా రెండు గొప్పల మీద. మొదటిది "గుండెకి మంచిది" అనే మాట. 1991లో ఒక అమెరికా టీవీ కార్యక్రమం తర్వాత అది బాగా పాకింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంత తక్కువ తాగినా పూర్తిగా క్షేమం కాదని చెప్పింది. ఇష్టమైతే ఇష్టమని చెప్పాలి గానీ మందుచీటీ అడ్డం పెట్టుకోకూడదు.

రెండోది ఇంకా చేటు. తాటికల్లు తాగినవాడు మనకి తాగుబోతు, బోర్డో తాగినవాడు నాగరికుడు. కల్లులో ఉన్నదీ వైనులో ఉన్నదీ ఒకే ఆల్కహాలు, పైగా వైనులోనే అది ఎక్కువ. సీసా ఖరీదులో గొప్పతనమెంతో గానీ పన్ను చాలా ఉంది. దిగుమతి వైను మీద మన దేశంలో ఏళ్ళ తరబడి 150 శాతం సుంకం వేశారు. కూలివాడి ముంతని ఈసడిస్తూ మన గ్లాసుని మెచ్చుకోవడం కులాసా మాటే గానీ న్యాయం కాదు.

తాగమని ఎవరికీ చెప్పడం లేదు. తాగని ఇల్లే మంచిల్లు, మా నాన్నగారిది అలాంటిదే. మేము మాత్రం రెండు గ్లాసులు దాటం, తాగాక బండి ముట్టం. పిల్లలు "అదేంటి?" అని అడిగితే వైనని, పెద్దవాళ్ళ అలవాటని, మంచి అలవాటేం కాదని చెప్తున్నాం. నేరేడు రసమని మాత్రం ఇక చెప్పం. మీ ఇళ్ళల్లో ఏం చెప్తున్నారు?