పడిన లెన్స్‌కి సముద్రమే టెస్ట్ చార్ట్

లెన్స్ కింద పడగానే చాలామంది ముందు చూసేది అద్దం పగిలిందా అని. పగల్లేదంటే ‘హమ్మయ్య’ అనుకుని షూట్ మొదలెట్టేస్తారు. అసలు తంటా అక్కడే. పైకి అంతా బాగానే ఉన్నా, లోపలి గాజు ఒకటి రవ్వంత ఒరిగితే చాలు, ఫోకస్ పోతుంది. కెమెరా వెనకున్న చిన్న స్క్రీన్‌లో అది తెలీదు. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌లో చూస్తే తలంబ్రాల ఫొటోలన్నీ ఓ పక్క మసక! ముహూర్తం మళ్లీ పెట్టించలేం కదా. అందుకే పడిన లెన్స్‌ని పనికి తీసుకెళ్లే ముందు ఓ గంట కేటాయించండి. కోడ్‌లో బగ్ వెతికినట్టే, ఒక్కో భాగాన్నీ విడదీసి చూడాలి.

ముందు ఇసక సంగతి

బీచ్‌లో పడితే వెంటనే ఫోకస్ రింగ్ తిప్పకండి. రేణువులు లోపలికి పోతాయి. బ్లోయర్‌తో ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపాకే ముట్టుకోండి. తర్వాత మౌంట్ వంగిందా, ఫిల్టర్ రింగ్ సొట్టపోయిందా చూడండి. స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌ని ఊపితే కొద్దిగా గలగలమనడం మామూలే. ఇదివరకు లేని చప్పుడు వస్తేనే అనుమానించాలి.

మోటారా? గాజా?

మాన్యువల్‌లో పెట్టి రింగ్ తిప్పండి. ఫొటో షార్ప్‌గా వచ్చి, ఆటోఫోకస్ మాత్రం పనిచేయకపోతే లోపం మోటార్లోనో, లోపలి రిబ్బన్ కేబుల్లోనో, కాంటాక్ట్స్‌లోనో ఉన్నట్టు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఇంకో పరీక్ష కూడా ఉంది. లైవ్ వ్యూలో బాగా వచ్చి, వ్యూఫైండర్‌లో చూసి తీస్తే మసకగా వస్తోందా? గాజు బాగానే ఉంది, ఫోకస్ లెక్క తప్పిందంతే. మీ కెమెరా మెనూలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. లెన్స్‌ని వేరే బాడీకి తగిలించి చూస్తే తప్పు ఎవరిదో ఖాయమవుతుంది.

హొరైజన్ పరీక్ష

విశాఖవాళ్లకి ఇది ఫ్రీ. పొద్దున్నే ట్రైపాడ్‌తో ఆర్కే బీచ్‌కి వెళ్లండి. మధ్యాహ్నమైతే వేడిగాలికే దూరపువన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అపర్చర్ పూర్తిగా తెరవండి. ఎఫ్/8 దగ్గర చిన్న లోపాలు దాక్కుంటాయి. పోర్టులో బెర్త్ కోసం ఆగిన ఓడ మీద, లైవ్ వ్యూ జూమ్ చేసి ఫోకస్ పెట్టండి. ఫ్రేమ్ మధ్యలోంచి సముద్రపు గీత వెళ్లాలి. ఆ గీత ఎడమవైపు పదునుగా, కుడివైపు మసకగా ఉంటే గాజు ఒరిగినట్టే. రెండు అంచులూ సమానంగా మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం కావచ్చు. రింగ్ చివరిదాకా తిప్పినా ఓడ షార్ప్ అవ్వక, దగ్గరి వస్తువులు మాత్రం బాగా వస్తుంటే లోపలి భాగం స్థానం తప్పిందనుకోండి.

విప్పొచ్చా?

గాజు ఒరిగితే వద్దు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌కి 46.5. దాన్ని సరిచూసేందుకు కొన్ని లెన్సుల్లో మౌంట్ కింద కాగితమంత పల్చటి షిమ్‌లు పెడతారు. ఒక్కటి పోయినా లెక్క మారిపోతుంది. పైగా జపాన్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ రకం. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. బాడీ అస్సలు విప్పకండి, ఫ్లాష్ కెపాసిటర్ గట్టి షాక్ కొడుతుంది.

రిపేర్‌కి ఇచ్చే ముందు ఎస్టిమేట్ రాయించుకోండి. కింద పడి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. చవక 50 ఎంఎం లాంటి వాటికి రిపేర్ ఖర్చు సెకండ్‌హ్యాండ్ ధర దాటితే వదిలేయడమే మేలు. ఖరీదైన జూమ్ అయితే సర్వీస్ సెంటరే దిక్కు. ఎక్కడైనా సందు ఏర్పడితే మాత్రం ఆలస్యం వద్దు. మన ఉప్పుగాలికి, తేమకి లోపల ఫంగస్ పట్టేస్తుంది. ఈలోగా సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో దాచండి.

ఫోన్ పడిందా?

ఫోన్ కెమెరాలోనూ లెన్స్‌ని అయస్కాంతం, తీగచుట్టే కదుపుతాయి. పడ్డాక ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే ముందు మ్యాగ్నెట్ ఉన్న కవర్ తీసి చూడండి. అయినా వణుకుతూ, గీమంటూ ఉంటే కెమెరా మాడ్యూల్ మార్చాల్సిందే. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించేవాళ్లూ జాగ్రత్త! బలమైన ఇంజిన్ వైబ్రేషన్ వల్ల ఇదే భాగం దెబ్బతినొచ్చని 2021లో యాపిలే హెచ్చరించింది.