తల్లి గోతంలో దాగిన బిడ్డ కూలి

"మాల మాదిగలకి చదువు విలువ తెలీదు. అందుకే పిల్లల్ని పనికి తోల్తారు." ఈ మాట కామందుల అరుగుల మీదా వింటున్నాం, ఆఫీసు కుర్చీల్లోనూ వింటున్నాం. చెవులు చిల్లులు పడ్డాయి.

అయ్యా, జగ్గయ్యపేట, నందిగామ మెట్ట చేలకి రండి. 2022లో కృష్ణా జిల్లా బోర్డు తీసి ఎన్టీఆర్ జిల్లా బోర్డు పెట్టారు. బోర్డు మారితే కూలి లెక్క మారుతుందా? దసరా దాటితే పత్తి తీత. సంక్రాంతి దాటితే మిరపకోత, పరీక్షల దాకా. బడికీ చేనుకీ ఒకటే కాలం.

తీతకి తూకం మీద కూలి కట్టినచోట కిటుకు చూడండి. కిలోకింత అంటారు. తల్లి ఒక్కతే తీస్తే ఆ పూటకి సరిపోదు. పదేళ్ల కూతురు పక్క సాలు పడుతుంది. కాటా దగ్గర రెండు చేతుల పని ఒకే గోతంలో కలుస్తుంది. పిల్ల పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. కామందు చేతులు దులుపుకుని, "నేను పిలిచానా? తల్లే తెచ్చుకుంది" అంటాడు. నేరం తల్లిది, లాభం ఆయనది!

మరి 2016లో చేసిన సవరణ ఏం చెప్పింది? పద్నాలుగేళ్లలోపు పిల్లల పని నిషేధం, అయితే బడి అయ్యాక కుటుంబానికి సాయపడొచ్చు అంది. కుటుంబ పని అంటే సొంత చేను, సొంత కొట్టు. సెంటు భూమి లేనోడికి కుటుంబ పని ఏది? చెప్పులు కుట్టడమా, డప్పు మోయడమా? కులవృత్తికి వెనక తలుపు తీసిన చట్టమది. పరాయి చేలో పిల్ల వంగితే మాత్రం ఆ సాయం మాట చెల్లదు. ఇది కార్యకర్తలు గుర్తుంచుకోవాలి.

పేదరికమే కారణమని సరిపెట్టుకునే వాళ్లకీ ఓ మాట. 1991 జనాభా లెక్కల్లో దేశంలోకెల్లా ఎక్కువ మంది పని పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లోనే తేలారు, పదహారు లక్షల పైచిలుకు. దేశంలో మనకంటే పేద రాష్ట్రాలు లేవా? అదే ఏడు రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతం పిల్లల్ని బడికి తేవడం మొదలెట్టారు. పస్తులుండే తల్లిదండ్రులే పంపారు. అడిగిన తీరుగా అడిగితే పంపారు. విలువ తెలీనోళ్లయితే పంపేవారా?

అసలు కారణం భూమి. ఆ తర్వాత కూలి రేటు. ఆ తర్వాత బాకీ. పెళ్లికో జబ్బుకో ముందుగా తెచ్చిన సొమ్ముకి పిల్లోణ్ణి జీతానికి ఉంచుతారు. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు, తీర్చక్కర్లేదు. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి చెప్పాం?

ఆడపిల్ల సంగతి మరీ అన్యాయం. చేనుకి పోకపోతే చంటోణ్ణి ఎత్తుకుని ఇంట్లో కూచోవాలి. అంగన్‌వాడీ తల్లి చేనుకి పోయే వేళకి తెరవాలని ఎవరడిగారు?

ఈ మిరపకోతకి మనమే కదలాలి. బడి హాజరు పట్టీ చూసి, రాని పిల్లల పేర్లు రాసుకుని, కాటా దగ్గర నిలబడదాం. మొదట అడగాల్సింది తల్లిని కాదు, కిలోకి ఎంత ఇస్తున్నావని కామందుని.