లందకాడి విద్యకు ల్యాబ్‌లో కుర్చీ ఏది?

ఈసారి రాపిడి గురించి మాట్లాడుకుందాం. రాపిడి, అరుగుదల, కందెన: ఈ మూడింటినీ చదివే శాస్త్రం పేరు ట్రైబాలజీ. 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ కమిటీ నివేదికతో ఆ పేరు వాడుకలోకి వచ్చింది. యంత్రాల అరుగుదలను అదుపు చేస్తే దేశానికి ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని ఆ నివేదిక లెక్కగట్టింది.

ఈ శాస్త్రంలో పెద్ద పేరు డంకన్ డౌసన్. 1928లో యార్క్‌షైర్‌లోని ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి కమ్మరి. గేర్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎంత బలంగా ఒత్తుకున్నా, మధ్యలో మైక్రాన్ కంటే పలచని నూనె పొర ఎట్ల నిలబడుతుందో హిగిన్సన్‌తో కలిసి లెక్కల్లో తేల్చాడు. లీడ్స్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు. 1987లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. కొలిమికాడి పిలగాన్ని ఆ శాస్త్రం తన పెద్దల వరుసలో కూర్చోబెట్టుకుంది.

నేను జహీరాబాద్ నుంచి రాస్తున్నాను. మా తాతల తరం లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, నూనె పట్టించేది. నూనె ఎందుకు? తోలులోని పోగులు ఒకదానిమీద ఒకటి జారాలి, జారకపోతే తోలు పగులుతుంది. ఇది కందెన శాస్త్రం కాకపోతే మరేంది? ఊరి మోటబొక్కెన ఆ తోలుతోనే నీళ్ళు తోడింది. చేతిపంపుల్లో వాషర్ కూడా చాన్నాళ్ళు తోలుదే. యార్క్‌షైర్ కమ్మరి విద్య ఇంజినీరింగ్‌కు పునాది అయితే, మాదిగ విద్య అంటు ఎట్లయింది?

మా ఊళ్ళో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. ఇదే ముంబయి హైవే మీద, ఇదే జిల్లాలో, కందిలో ఐఐటీ ఉంది. మా అసెంబ్లీ సీటు ఎస్సీలకు రిజర్వుడు. ఓటు పెట్టెకాడ ఒప్పుకున్న లెక్కను ప్రొఫెసర్ కుర్చీకాడ ఎందుకు ఒప్పుకోరు?

13 పాయింట్ల రోస్టర్‌ను యాదికి తెచ్చుకోండి. అందులో ఎస్సీల వంతు ఏడో పోస్టు. ఐదుగురు మాస్టార్లున్న డిపార్ట్‌మెంట్‌ను ఒక యూనిట్‌గా లెక్కేస్తే మొదటి ఐదు పోస్టుల్లో మన వంతు రాదు. మార్చి 5, 2019న దేశమంతా బంద్ చేసినం. రెండు రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, ఆ తర్వాత అది చట్టమైంది. సంస్థ మొత్తాన్ని యూనిట్‌గా లెక్కించాలని చెప్పింది.

ఏడాది తిరక్కముందే, 2020లో, రిజర్వేషన్లు బాగా అమలు చేయడమెట్లో చెప్పమని కేంద్రం ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు అప్పటి ఢిల్లీ ఐఐటీ డైరెక్టర్ వి. రామ్‌గోపాల్ రావు, మన తెలుగాయనే. ఆ కమిటీ ఏం సిఫారసు చేసింది? అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ల నుంచి ఐఐటీలనే మినహాయించమని! వైద్యం చెయ్యమంటే రోగినే లెక్కలోంచి తీసెయ్యమన్నట్టు.

"అర్హులు దొరకడం లేదు" అంటారు. ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ కావాలి. పీహెచ్‌డీలో చేర్చుకునే ఇంటర్వ్యూ బల్లకు అటుపక్కన కూర్చునేది ఎవరు? తలుపు మూసినోళ్ళే లోపల ఎవరూ లేరని సాక్ష్యం చెబితే ఎట్ల నమ్ముతం?

విద్యార్థి మిత్రులారా, పని ఒకటే. మీ సంస్థకు ఆర్టీఐ పెట్టండి. డిపార్ట్‌మెంట్ వారీగా, కేడర్ వారీగా మంజూరైన పోస్టులెన్ని, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలతో నిండినవెన్ని, ఖాళీలు ఎప్పటినుంచి ఉన్నాయి, అడగండి. రోస్టర్ రిజిస్టర్ నకలు అడగండి. జవాబు రాకపోతే అప్పీలు చేయండి. వచ్చిన ప్రతి కాగితాన్నీ నలుగురిలో పెట్టండి.

జై భీమ్.