అన్నీ గ్యాసేనా?
అమరచింతలో గుంట మగ్గం మీద పొద్దంతా కూర్చునే నేతన్నకు కడుపు నొస్తే, ఎవరైనా మొదట అనే మాట ‘గ్యాస్’. మెడికల్ షాపులో ఓ గోళీ, ఇంట్లో ఇంత వాము, అంతటితో సరి. నన్నడిగితే ముందు ఆరా తీయాల్సింది నడుం నొప్పికని రోజూ మింగే డైక్లోఫెనాక్ గురించి. కడుపులో పుండు చేసేవాటిలో అదొకటి. మలం తారులా నల్లగా వస్తే ఆ పుండు నుంచి రక్తం పోతోందేమోనని అనుమానించాలి. అపెండిసైటిస్ మరీ టక్కరిది: తరచూ బొడ్డు చుట్టూ మొదలై, గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. నెల తప్పిన ఆడమనిషికి పొత్తికడుపులో హఠాత్తుగా నొప్పి లేస్తే, గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. పైకడుపు మంటతో చెమటలు పడితే అది గుండెపోటూ కావచ్చు, షుగరున్నవాళ్లలో మరీను. వాము వద్దనను, కానీ ఈ లక్షణాలకు అది చాలదు. మన జిల్లా కేంద్రం వనపర్తిలో 2022 నుంచి మెడికల్ కాలేజీయే ఉంది. ఇలాంటి నొప్పులకు తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.